స్పాన్సర్ వెళ్ళిపోయాక ఆట ఎవరిది?



ఏ మ్యాచ్‌లో ఎవరు గెలిచారో రేపు పొద్దున పేపర్లో చదువుకోవచ్చు. ఈ పూట మనం మాట్లాడుకోబోయేది ఆ మ్యాచ్ జరగడానికి కావలసిన డబ్బు గురించి. ఆ డబ్బు ఎవరిస్తారు? ఇచ్చేవాళ్ళు ఉన్నట్టుండి చేతులెత్తేస్తే ఏం జరుగుతుంది? ఆట ఆగిపోవాలా? ఆపకుండా నడుపుకునే దారి ఏదైనా ఉందా?

ఈ ప్రశ్న మన జంషెడ్‌పూర్‌కు చాలా దగ్గరిది. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. సాక్చీలో ఉన్నవాళ్ళకు తెలుసు, కద్మాలో ఉన్నవాళ్ళకు తెలుసు, బిస్టుపూర్ ఆంధ్రభక్త శ్రీరామ మందిరానికి వచ్చిపోయే మనవాళ్ళకూ తెలుసు. ఊరు కట్టకముందే జంషెట్జీ టాటా తన కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాశారు. వీధులు వెడల్పుగా ఉండాలి, చెట్లు నాటాలి, ఫుట్‌బాల్‌కూ హాకీకీ విశాలమైన స్థలాలు వదలాలి అని అందులో చెప్పారు. అంటే ఈ ఊళ్ళో కొలిమి రాజెయ్యకముందే ఆటస్థలం గురించి ఆలోచన జరిగింది.

అలాంటి ఊళ్ళో 2025 జూలైలో ఒక విచిత్రం జరిగింది. కాస్త శ్రద్ధగా వినండి.

జూలై 11న దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులన్నిటికీ ఒక కబురు అందింది. ఇండియన్ సూపర్ లీగ్, మనం ఐఎస్ఎల్ అంటామే, దాని కొత్త సీజన్‌ను ప్రస్తుతానికి నిలిపేస్తున్నాం అని. ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం అని. మన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ ఆ లీగ్‌లో 2017 నుంచి ఆడుతున్న జట్టు. ఆ ముందు సీజన్‌లో సెమీ ఫైనల్ దాకా వెళ్ళిన జట్టు. మే నెలలో సూపర్ కప్ ఫైనల్ ఆడిన జట్టు. రెండు నెలలు తిరిగేసరికి ఆడడానికి లీగే లేదు.

సరే, విచిత్రం అన్నాను కదా. అదే జూలై నెల. జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ సొంత మైదానం, మన జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్. ఐఎస్ఎల్ ఆగిపోయిందన్న వార్త వచ్చి రెండు వారాలైనా కాలేదు. ఆ మైదానంలోనే ఇంకో టోర్నమెంటు మ్యాచ్‌లు మొదలయ్యాయి. డ్యూరాండ్ కప్. నేపాల్ నుంచి త్రిభువన్ ఆర్మీ జట్టు వచ్చింది. లడఖ్ జట్టు వచ్చింది. మన సైన్యం జట్టు వచ్చింది. జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ కుర్రాళ్ళు అక్కడే ఆడారు.

ఒకే మైదానం. ఒకే నెల. ఒక టోర్నమెంటు ఆగిపోయింది. ఇంకొకటి జరిగింది. ఆగిపోయినదాని వయసు పదకొండేళ్ళు. జరిగినదాని వయసు నూట ముప్పై ఏళ్ళ పైమాటే. 1888లో సిమ్లాలో పుట్టింది అది.

ఎందుకిలా? ఈ పూట మన మాటంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ముందు ఆగిపోయినదాని సంగతి చూద్దాం.

2010 డిసెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒక ఒప్పందం చేసుకుంది. అవతలి పక్షం ఐఎంజీ-రిలయన్స్. ఒప్పందం పదిహేనేళ్ళకు. మొత్తం 700 కోట్ల రూపాయలు. ఏడాదికి సగటున 50 కోట్లకు దగ్గర అనుకోండి. దానికి బదులుగా మన ఫుట్‌బాల్‌కు సంబంధించిన వ్యాపార హక్కులు ఆ సంస్థ చేతికి వెళ్ళాయి. ఆ ఒప్పందం మీదనే 2014లో ఐఎస్ఎల్ పుట్టింది. టీవీ ప్రసారం వాళ్ళదే. ప్రకటనలు వాళ్ళవే. లీగ్ నిర్వహణ కూడా వాళ్ళదే.

ఇందులో తప్పేముంది అంటారా? తప్పేమీ లేదు. పదేళ్ళపాటు లీగ్ బ్రహ్మాండంగా సాగింది. విదేశీ ఆటగాళ్ళు వచ్చారు. మైదానాలు బాగుపడ్డాయి. మన ఊరికి ఒక పెద్ద జట్టు వచ్చింది. అభిమానులు ఎర్ర చొక్కాలు వేసుకుని మైదానానికి రావడం మొదలైంది. ఇదంతా ఆ డబ్బు పుణ్యమే.

చిక్కు ఎక్కడుందంటే, ఆ ఒప్పందానికి ఒక చివరి తేదీ ఉంది. 2025 డిసెంబరు 8. ఐఎస్ఎల్ సీజన్ మొదలయ్యేది సెప్టెంబరు ప్రాంతంలో, ముగిసేది వేసవిలో. మరి డిసెంబరులో ఒప్పందం అయిపోతే మిగతా ఆటలకు ఖర్చు ఎవరు పెడతారు? టీవీ వాళ్ళతో ఎవరు మాట్లాడతారు? కొత్త ఒప్పందం రాసుకుందామంటే సమాఖ్య నియమావళి కేసు సుప్రీంకోర్టులో ఉంది. అది తేలేదాకా సంతకం పెట్టే వీలు లేదు. దాంతో నిర్వహణ సంస్థ సీజన్ ఆపేసింది.

సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇందులో మనకో చిన్న ముచ్చట ఉంది. సమాఖ్య కొత్త నియమావళిని తయారు చేసింది జస్టిస్ లావు నాగేశ్వరరావు గారు. తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఉన్నది జస్టిస్ పి.ఎస్. నరసింహ గారు. ఇద్దరూ తెలుగువాళ్ళే.

తీర్పు వచ్చింది కదా, ఇక అంతా సర్దుకుంటుందని అందరూ అనుకున్నారు. అక్టోబరులో సమాఖ్య టెండరు పిలిచింది. లీగ్ వ్యాపార హక్కులు తీసుకునేవాళ్ళు ముందుకు రండి, ఏడాదికి కనీసం 37 కోట్ల 50 లక్షలు హామీ ఇవ్వండి అంది. కొందరు వచ్చి వివరాలడిగారు, సందేహాలు అడిగారు. నవంబరు 7న గడువు ముగిసింది. ఎన్ని బిడ్లు వచ్చాయో తెలుసా? ఒక్కటీ రాలేదు. నూట నలభై కోట్ల జనాభా ఉన్న దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌ను తీసుకుంటామని చెయ్యెత్తినవాళ్ళు లేరు.

ఈ మధ్యలో ఆటగాళ్ళ పరిస్థితి ఏమిటి? కొన్ని క్లబ్బులు జీతాలు ఆపాయి. కొన్ని సాధన ఆపాయి. కొన్ని జీతాలు తగ్గించుకోమని అడిగాయి. 2026 జనవరి మొదట్లో సునీల్ ఛెత్రీ, గుర్‌ప్రీత్ సింగ్, సందేశ్ ఝింగన్ లాంటి పేరున్న ఆటగాళ్ళు కలిసి ఒక వీడియో విడుదల చేశారు. మన ఫుట్‌బాల్‌ను కాపాడండి అని ప్రపంచ సంస్థ ఫిఫాకు మొరపెట్టుకున్నారు. దేశం తరఫున ఆడినవాళ్ళు అలా చేతులు జోడించి నిలబడాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. స్పాన్సర్ వెళ్ళిపోవడం ఒక నష్టం. దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. స్పాన్సర్ వెళ్ళేసరికి టోర్నమెంటు నడపడం తెలిసినవాళ్ళు కూడా మిగలలేదు. పదేళ్ళు డబ్బు వాళ్ళే పెట్టారు కాబట్టి పని కూడా వాళ్ళే చేశారు. షెడ్యూలు వాళ్ళే వేశారు. కెమెరాలు వాళ్ళే తెచ్చారు. డబ్బుతోపాటు పనితనం కూడా వెళ్ళిపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు ఆగకుండా జరిగినదాని సంగతి. డ్యూరాండ్ కప్.

ఆ కప్పు గెలిచిన జట్టుకు ఒక ట్రోఫీ కాదు, మూడు ఇస్తారు. మొదటిది పోటీ పెట్టిన డ్యూరాండ్ దొర పేరు మీద ఉన్నది. రెండోది సిమ్లా ట్రోఫీ. దాన్ని ఇచ్చింది సిమ్లా పట్టణ ప్రజలు. మూడోది రాష్ట్రపతి కప్పు. అది మన మొదటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారిచ్చినది. చూశారా, ఒక టోర్నమెంటులో పెట్టినవాడి పేరుంది, ఊరి జనం పేరుంది, దేశం పేరుంది.

డబ్బు విషయంలోనూ అంతే. పోటీ నడిపేది సైన్యం. ఆతిథ్యం ఇచ్చేవి రాష్ట్ర ప్రభుత్వాలు. 2025లో అయిదు రాష్ట్రాలు పంచుకున్నాయి. బెంగాల్, అస్సాం, మణిపూర్, మేఘాలయ, మన ఝార్ఖండ్. వీటికి తోడు స్పాన్సర్ కంపెనీలు. ఏ ఒక్కరు తప్పుకున్నా నష్టమే. కానీ అంతమాత్రాన పోటీ ఆగిపోనక్కర్లేదు.

పందిరిని తలుచుకోండి. నడిమధ్య ఒక్క రాట పాతి దాని మీదే పందిరంతా నిలబెడితే చూడ్డానికి బాగానే ఉంటుంది, కింద చోటూ ఎక్కువే. ఆ రాట ఊడితే మాత్రం మొత్తం నెత్తి మీద పడుతుంది. చుట్టూ పది రాటలు పాతితే ఒకటి ఊడినా పందిరి ఒక పక్కకు ఒరుగుతుందే తప్ప కూలిపోదు.

ఇదే నేను చెప్పదలుచుకున్న మాట. ఒక్కరి మీద నిలబడ్డ ఆట ఆ ఒక్కరితోనే వెళ్ళిపోతుంది. పదిమంది మీద నిలబడ్డ ఆట ఒకరు పోయినా మిగులుతుంది.

మరి ఐఎస్ఎల్ ఏమైంది? చివరికి మొదలైంది. ఎలా మొదలైందో వింటే మన బస్తీ టోర్నమెంట్లు నడిపే కుర్రాళ్ళకు కూడా పనికొస్తుంది.

2026 జనవరి 6న కేంద్ర క్రీడల మంత్రి ప్రకటించారు. ఫిబ్రవరి 14 నుంచి లీగ్ జరుగుతుంది, పద్నాలుగు జట్లూ ఆడతాయి అని. స్పాన్సర్ దొరికాడా? లేదు. మరి ఎలా? రెండు పనులు చేశారు.

మొదటి పని, ఆటలు తగ్గించుకున్నారు. మామూలుగా ప్రతి జట్టూ మిగతా ప్రతి జట్టుతోనూ రెండుసార్లు ఆడుతుంది. ఒకసారి సొంతూళ్ళో, ఒకసారి పరాయి ఊళ్ళో. ఈసారి ఒక్కసారే అన్నారు. అంతకుముందు సీజన్‌లో నాకౌట్లతో కలిపి 163 మ్యాచ్‌లు జరిగాయి. ఈసారి 91. మ్యాచ్‌లు తగ్గితే విమానం టికెట్లు తగ్గుతాయి, హోటల్ గదులు తగ్గుతాయి, టీవీ కెమెరాల ఖర్చు తగ్గుతుంది.

రెండో పని, ఖర్చు పంచుకున్నారు. నిర్వహణ కోసం 25 కోట్ల ఉమ్మడి నిధి అనుకున్నారు. క్లబ్బులు తలా కొంత వెయ్యాలి. సమాఖ్య తన వాటా తాను వెయ్యాలి. వ్యాపార భాగస్వామి ఇవ్వాల్సిన వాటా కూడా, ఎవరో ఒకరు దొరికేదాకా సమాఖ్యే భరిస్తానంది. అప్పుడు సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబే. ఆయన గోల్‌కీపర్‌గా తయారైంది మన ఊళ్ళోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలోనే.

ఆటలు తగ్గించుకున్నారు, ఖర్చు పంచుకున్నారు. లీగ్ మొదలైంది.

ఇది గొప్ప విజయం అనను. ఆలోచించండి. మ్యాచ్‌లు దాదాపు సగానికి తగ్గితే మన మైదానంలో జరిగేవీ సగమే. గేటు బయట వేరుశెనగలు అమ్ముకునే మనిషికి అన్ని సాయంత్రాలు పోయినట్టే. ఆటగాడి జీతంలో కోత పడినట్టే. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఒక సీజన్ చిన్నదైతే ఆ వయసు తిరిగి రాదు. ఆ కష్టం కాదనలేం. కానీ లీగ్ పూర్తిగా ఆగి ఒక ఏడాది గడిచిపోయి ఉంటే, మళ్ళీ మొదలుపెట్టడం ఇంకెంత కష్టమో! ఆగిపోయిన టోర్నమెంటుకు స్పాన్సర్ దొరకడు. చిన్నదైనా నడుస్తున్నదానికి దొరకొచ్చు.

ఆగిపోయినదానికి ఏం జరుగుతుందో మన తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బొంబాయిలో రోవర్స్ కప్ అని ఒకటుండేది. 1891లో మొదలైంది. రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆ కప్పును 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. అంతటి కప్పు జాతీయ లీగ్ వచ్చాక వెలతెలబోయింది. ఈ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. ఇప్పటి కుర్రాళ్ళను అడగండి, దాని పేరు కూడా తెలియదు.

మరీ దగ్గరి కథ హైదరాబాద్ ఎఫ్‌సీది. 2021-22 సీజన్ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది లీగ్ దశలో అందరికంటే పైన నిలిచి షీల్డు గెలిచింది మన జంషెడ్‌పూర్. ఫైనల్లో కేరళను ఓడించి కప్పు గెలిచింది హైదరాబాద్. ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళకు ఆ ఏడాది రెండు చేతుల్లోనూ లడ్డూలే. తర్వాత ఏమైంది? రెండేళ్ళు తిరగకముందే హైదరాబాద్ క్లబ్బుకు డబ్బు కటకట వచ్చింది. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను తీసుకోకూడదన్న నిషేధాలు. మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2024లో యజమానులు మారారు. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట. కప్పు గెలిచిన మూడున్నరేళ్ళకు ఊరికి ఐఎస్ఎల్ జట్టే లేకుండా పోయింది.

మరి షీల్డు గెలిచిన జంషెడ్‌పూర్ ఎందుకు మిగిలింది? ఎందుకంటే మన క్లబ్బు వెనక టాటా స్టీల్ ఉంది. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు మన దేశం జట్టు వెళ్ళడానికి దొరాబ్జీ టాటా సొంత డబ్బు పెట్టారు. అప్పటినుంచీ ఆటకు ఖర్చుపెట్టడం ఇక్కడ ఆనవాయితీ. మన అదృష్టం.

కానీ నిజం చెప్పుకోవాలి కదా. మనదీ ఒక్క రాటే. గట్టి రాట, లోతుగా దిగిన రాట, అయినా ఒక్కటే. కంపెనీ ఉంది కదా అన్న ధీమాతో ఊళ్ళో జనం టికెట్టు కొనడం కూడా మానేస్తే, ఆ క్లబ్బు కంపెనీదే అవుతుంది, ఊరిది అవదు.

ఇప్పుడు మన బస్తీ టోర్నమెంట్ల సంగతికి వద్దాం. ఇది వింటున్నవాళ్ళలో ఏ కబడ్డీ పోటీకో, ఏ క్రికెట్ పోటీకో చందా పుస్తకం పట్టుకుని తిరిగినవాళ్ళు ఉంటారు. ఏటా డబ్బిచ్చే ఒక దుకాణదారు ఈసారి కుదరదు అన్నాడనుకోండి. ఏం చెయ్యాలి?

మన ఊళ్ళల్లో, ఆంధ్రదేశంలో సంక్రాంతికీ తిరునాళ్ళకూ ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. ఆ కరపత్రం ఎప్పుడైనా చూశారా? మొదటి బహుమతి దాత ఒకరు. రెండో బహుమతి ఇంకొకరు. మూడోది వేరొకరు. తమ తండ్రిగారి జ్ఞాపకార్థం ఫలానావారు. షామియానా ఒకరిది. అన్నదానం ఒకరిది. మజ్జిగ పంపిణీ ఒకరిది. ఇవన్నీ మైకులో పేరుపేరునా చెబుతారు. ఒక దాత ఈ ఏడాది ఇవ్వకపోతే, ఆ ఒక్క బహుమతికి ఇంకొకరిని వెతుక్కుంటారు. అంతే. పోటీ ఆపేద్దామన్న మాటే రాదు.

ఇందులో కిటుకు ఏమిటి? ఖర్చును ముక్కలు చేశారు. మాకు రెండు లక్షలివ్వండి అంటే ఎవరైనా వెనకడుగు వేస్తారు. రిఫరీల భత్యం మీరు చూసుకోండి, బంతులు మీరు కొనివ్వండి, ఆటగాళ్ళ భోజనం మీరు పెట్టండి అంటే ఒప్పుకునేవాళ్ళు దొరుకుతారు. తన డబ్బు ఏమైందో దాతకు కళ్ళెదుటే కనిపిస్తుంది. బంతి ఎగిరిన ప్రతిసారీ అది నేను కొన్నదే అనుకుంటాడు.

ఐఎస్ఎల్ కోట్లలో చేసిందీ ఇదే, పల్లెలో వేలల్లో చేస్తున్నదీ ఇదే. తేడా ఒక్కటే. పల్లెవాళ్ళు దాత వెళ్ళకముందే ముక్కలు చేసి ఉంచుతారు. ఐఎస్ఎల్ వెళ్ళిపోయాక చేసింది. అందుకే ఆరేడు నెలలు పోయాయి.

ఇందాక ఒక మాట గుర్తుపెట్టుకోమన్నాను. డబ్బుతోపాటు పనితనం కూడా వెళ్ళిపోయింది అని. ఆ మాట ఇక్కడ కలుస్తుంది. దాత ఎంత పెద్దవాడైనా సరే, జట్లను పిలిచే పని, షెడ్యూలు వేసే పని, లెక్క రాసే పని మీ చేతిలోనే ఉంచుకోండి. డబ్బు మళ్ళీ పుడుతుంది. పని చేతకాని కమిటీకి డబ్బు పుట్టినా ప్రయోజనం లేదు.

కాబట్టి ఇంతసేపూ చెప్పుకున్నది మరోసారి. స్పాన్సర్ పోతే జట్లను తగ్గించండి, రోజులు తగ్గించండి, పోటీ మాత్రం ఆపకండి. ఖర్చును ముక్కలు చేసి పదిమందికి పంచండి. ఒకే దాత దొరికిన మంచి రోజుల్లో కూడా మిగతా తొమ్మిదిమందిని వదులుకోకండి. ఇంకో సంగతి, ముందు ఆటగాళ్ళ బాకీ తీర్చండి, తర్వాతే దండలూ సన్మానాలూ. చివరి రోజు మైకులో లెక్క చదవండి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది. లెక్క విన్నవాడు వచ్చే ఏడు మళ్ళీ ఇస్తాడు.

ఇక చందా ఇచ్చే పక్షాన ఉన్న శ్రోతలకు ఒక మనవి. ఈసారి మీ బస్తీ కుర్రాళ్ళు గుమ్మం ముందు నిలబడితే వందిచ్చి పంపేయకండి. ఏ ఖర్చుకి అని అడగండి. పోటీ ఎప్పుడు అని అడగండి. ఆ రోజు వచ్చి కూర్చోండి, ఆఖరున లెక్క చెప్పమనండి. మీరిచ్చింది వందే కావచ్చు. లెక్క అడిగిన రోజు నుంచీ ఆ టోర్నమెంటు మీది కూడా.